గాజు పెట్టెలోకి వెళ్ళిన వస్తువు, వెళ్ళని పేరు

మన ఆదివాసీల వస్తువులు మ్యూజియం చేరడం నిన్న మొన్న మొదలైన సంగతి కాదు. హైదరాబాద్ మాసాబ్‌ట్యాంక్‌లోని నెహ్రూ శతజయంతి గిరిజన మ్యూజియం, అరకు లోయలోని మ్యూజియం, జోడేఘాట్‌లో కుమ్రం భీం స్మారకంతో పాటు కట్టిన మ్యూజియం, మేడారంలోని మ్యూజియం మన పిల్లలు విహారయాత్రల్లో చూసేవి. ఇవేవీ లేని రోజుల్లోనే ఆదివాసీల గంటలు, బాణాలు, పూసల దండలు మద్రాసుకు వెళ్ళాయి, సముద్రం దాటి వియన్నాకు, ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్ళాయి. వెళ్ళిన చోటల్లా వాటి పక్కన ఒక చిన్న చీటీ పెట్టారు. "ఇత్తడి దీపం. గోండు. ఆదిలాబాద్ జిల్లా." చాలా చోట్ల చీటీ అంతే. వస్తువు పేరు ఉంటుంది, తెగ పేరు ఉంటుంది, జిల్లా పేరు ఉంటుంది. చేసిన మనిషి పేరు ఉండదు.

ఆ పేరు ఎందుకు లేకుండా పోయిందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1857 తిరుగుబాటు తర్వాత ఇంగ్లీషు ప్రభుత్వానికి ఈ దేశంలో ఎవరెవరున్నారో, ఎవరిని నమ్మవచ్చో తెలుసుకోవాలని పట్టుకుంది. అప్పటికి ఫోటో తీసే పెట్టె కొత్తగా వచ్చింది. 1868 నుంచి 1875 మధ్య 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అనే పేరుతో 8 సంపుటాలు వెలువడ్డాయి. అందులో ఒక్కో కులానికి, ఒక్కో తెగకు ఒకటో రెండో బొమ్మలు, కింద వాళ్ళ స్వభావం ఎలాంటిదో నాలుగు మాటలు. ఫోటోలో కనిపించేది ఒక మనిషి. కింద రాసేది ఒక జాతి. ఒకరి మొహం చూపించి అందరి గుణం చెప్పే పద్ధతి అక్కడ స్థిరపడింది.

మద్రాసు ప్రభుత్వ మ్యూజియం 1851లో మొదలైంది. 1885 నుంచి 1908 వరకు దానికి సూపరింటెండెంట్‌గా ఎడ్గార్ థర్స్టన్ ఉన్నాడు. మన్యం కొండల్లోని కోయలు, కొండదొరలు, సవరలు, గదబలు అతని లెక్కలోకి వచ్చినవాళ్ళే. అతను వస్తువులు సేకరించాడు, ఫోటోలు తీయించాడు, వాటితోపాటు కొలతలు తీసుకున్నాడు. తల ఎంత పొడవు, ముక్కు ఎంత వెడల్పు అని ఇనుప పనిముట్లతో కొలిచాడు. మ్యూజియం చూడడానికి వచ్చినవాళ్ళను కూడా కొలిచేవాడు. రంగాచారితో కలిసి 1909లో 7 సంపుటాల 'క్యాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా' అచ్చు వేయించాడు. అందులో కులాలు, తెగలు ఇంగ్లీషు అక్షరాల వరుసలో ఉంటాయి, బడిలో హాజరు పట్టీ ఉన్నట్టు. మేము హాజరు పట్టీ రోజూ పిలిచేవాళ్ళం కాబట్టి ఒక తేడా చెప్పగలం. హాజరు పట్టీలో మనుషుల పేర్లుంటాయి.

ఆ పుస్తకాలను పారేయమని మేము అనడం లేదు. వాటిలో రాసిన కొన్ని పండుగలు, కొన్ని ఆచారాలు ఇప్పుడు ఊళ్ళలో చెప్పేవాళ్ళు లేరు. పనికొచ్చేది తీసుకోవాలి. కానీ చదివేటప్పుడు పెన్సిల్ చేతిలో పట్టుకుని చదవాలి.

మా ఆదిలాబాద్ అడవుల చరిత్రలో ఇంకో మనిషి ఉన్నాడు. అతన్ని థర్స్టన్‌తో కలిపి ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టాడు. 1936, 37లలో నాగా కొండల్లో తిరిగి అక్కడి వస్తువులు చాలా సేకరించి వియన్నా మ్యూజియానికి చేర్చాడు. అవి నేటికీ అక్కడే ఉన్నాయి. 1939లో యుద్ధం మొదలయ్యేసరికి అతను ఇండియాలో ఉన్నాడు. శత్రుదేశపు మనిషి అని ఇంగ్లీషువాళ్ళు కట్టడి చేశారు. నిజాం రాజ్యం దాటిపోకుండా ఉండమన్నారు. అలా వచ్చి నల్లమలలో చెంచుల మధ్య, తర్వాత గోదావరి ఒడ్డున పాపికొండల్లో కొండరెడ్ల మధ్య ఉన్నాడు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాల్సిన అవసరం నిజాం ప్రభుత్వానికి పడింది. ఆ పని మీద హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ మార్లవాయి వచ్చి కాపురం పెట్టారు. భీం ప్రాణం పోయాకే ఆ దొరకు మార్లవాయి దారి తెరుచుకుందన్నది మన పిల్లలు ముందు నేర్చుకోవాలి.

వచ్చాక చేసిన మేలు తక్కువది కాదు. భూమి పట్టాల గురించి ప్రభుత్వానికి గట్టిగా రాశాడు. 1943లో మార్లవాయిలో గోండు యువకులను పంతుళ్ళుగా తయారుచేసే శిక్షణ కేంద్రం మొదలైంది. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు వచ్చాయి. మేము ఉపాధ్యాయ శిక్షణ డిప్లొమా చదివినవాళ్ళం. ఆ రెండేళ్ళలో మార్లవాయి కేంద్రం సంగతి మాకు ఒక్క పాఠంలోనూ చెప్పలేదు. మాతృభాషలో చదువు అనే మాట మాత్రం ప్రతి పరీక్షలోనూ అడిగారు! బెట్టీ 1987లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. 1995లో పోయిన హైమన్‌డార్ఫ్ కూడా ఇప్పుడు ఆమె పక్కనే ఉన్నాడు. ఊరు వాళ్ళిద్దరినీ తనవాళ్ళుగా చూసుకుంటుంది.

ఆయన తీసిన వేల ఫోటోలు, సినిమా రీళ్ళు లండన్‌లోని సోయాస్ అనే విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. చాలా బొమ్మలు ఇప్పుడు ఫోన్‌లోనే చూడవచ్చు. పుస్తకాల్లో ఆయన కొందరి పేర్లు రాశాడు. ఫోటోల దగ్గరికి వచ్చేసరికి ఎన్నో చోట్ల మళ్ళీ పాత పద్ధతే. గోండు స్త్రీ, నాట్యం చేస్తున్న యువకులు, పర్ధాన్ వాద్యకారుడు.

ఇలాంటి పాత ఫోటోలు కొన్ని మేము ఫోన్‌లో దించుకుని ఒక గూడెంలో పెద్దవాళ్ళకు చూపించాం. మేము మొహాలు గుర్తుపడతారని అనుకున్నాం. ఒక అవ్వ మొహం వైపు చూడనే లేదు. ఫోన్‌ను కళ్ళ దగ్గర పెట్టుకుని ముందు చేతి మీది పచ్చబొట్టు చూసింది, తర్వాత మెడలోని పైసల దండ చూసింది. "ఇది పెళ్ళయిన పిల్ల. ఈ బొట్లు పొడిచిన చెయ్యి మంచిది" అంది. మా వైపు పచ్చబొట్లు పొడిచేది తోటి స్త్రీలు. అంటే మేము గోండు స్త్రీ ఫోటో అనుకున్నది, అవ్వ లెక్కలో ఒక తోటి స్త్రీ పనితనం కూడా. ఏ మ్యూజియమూ ఆ పనితనాన్ని గాజు పెట్టెలో పెట్టలేకపోయింది. అది చర్మం మీద గీసిన బొమ్మ. ఆ మనిషితోనే మట్టిలోకి పోతుంది. ఈ ఫోటో లేకపోతే అవ్వకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు. అవ్వ లేకపోతే ఫోటో మాకు ఏమీ చెప్పేది కాదు.

ఫోటోలో ఉన్నామె ఏ సగకు చెందినదో తెలిస్తే ఇంకా చాలా తెలుస్తుంది. నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవతల సగలుగా మనం విడిపోయి ఉన్నాం. ఏ సగ ఆడపిల్ల ఏ సగకు కోడలిగా వెళ్తుందో దాన్ని బట్టే తెలుస్తుంది, ఏ పేన్‌కు మొక్కుతారో తెలుస్తుంది. "గోండు" అని ఒక్క మాట రాసి ఊరుకుంటే ఇదంతా చీటీ కిందే ఉండిపోతుంది.

ఇక చేతిపనుల సంగతి. ఆదిలాబాద్ డోక్రా అని ఇప్పుడు దుకాణాల్లో అమ్మే ఇత్తడి వస్తువులను చేసేది ఓజులు. జైనూరు మండలం ఉషేగాం ఆ పనికి పేరున్న ఊరు. దుకాణంలో తాబేలు, ఏనుగు, గుస్సాడీ బొమ్మ చూసినవాళ్ళకు అది ఎలా పుడుతుందో తెలియదు కాబట్టి ఇక్కడ కొంత వివరంగా రాస్తాం.

ముందు మట్టితో లోపలి ముద్ద చేస్తారు. అది ఆరాక తేనెమైనాన్ని సన్నని దారాలుగా తీసి దాని మీద చుడతారు. కళ్ళు, నగలు, అంచుల మీది గీతలు అన్నీ ఆ మైనపు దారాలతోనే పెడతారు. చేతి వేలు ఎంత నెమ్మదిగా నడిస్తే గీత అంత చక్కగా పడుతుంది. దాని మీద మెత్తని మట్టి పూత, ఆపైన గట్టి మట్టి పూత వేస్తారు. ఒక చిన్న దారి వదిలిపెడతారు. వేడి చేస్తే లోపలి మైనం కరిగిపోతుంది. అది పోయిన ఖాళీలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టిని పగలగొడితే వస్తువు బయటికి వస్తుంది. పగలగొట్టిన అచ్చు మళ్ళీ పనికిరాదు. ఒక అచ్చుకు ఒకే వస్తువు. మనం రెండు దీపాలు ఒకేలా ఉన్నాయనుకుంటాం, చేసినాయనకు మాత్రం తేడా తెలుస్తుంది.

ఈ పద్ధతి గురించి ఎవరు రాసినా మొహెంజొదారోలో 1926లో దొరికిన నాట్యకత్తె బొమ్మను తెచ్చి పెడతారు. అదీ మైనం పోత పద్ధతిలో చేసిన లోహపు బొమ్మే, ఆ మాట నిజమే. కానీ నాలుగున్నర వేల ఏళ్ళ నాటి బొమ్మతో పోల్చి మన ఓజులను కూడా పాతకాలపు మనుషుల్లా మాట్లాడడం మాకు నచ్చదు. ఉషేగాం మనిషి ఇత్తడి కిలో ధర ఎంతో, తేనెమైనం ఎక్కడ దొరుకుతుందో, వర్షాకాలంలో మట్టి ఎలా ఆరబెట్టాలో రోజూ లెక్క వేసుకునే ఈనాటి మనిషి.

ఓజులు ఒకప్పుడు బజారు కోసం చేయలేదు. పేన్ పూజకు గంటలు, దేవుడి గుర్తులు, దీపాలు, కాలి అందెలు, అడిగిన ఊరి అవసరం చూసి చేసేవాళ్ళు. ఏ గంట ఏ ఇంటి పేన్‌కు చేశారో చేసినవాళ్ళకు తెలుసు, చేయించుకున్నవాళ్ళకూ తెలుసు. పేరు వస్తువు మీద చెక్కాల్సిన పని లేదు. ఎందుకంటే వస్తువు ఆ పేరు తెలిసిన మనుషుల మధ్యే ఉండేది. అది ఊరు దాటి గాజు పెట్టెలోకి వెళ్ళిన రోజున పేరు వెనక్కి ఉండిపోయింది. మనవాళ్ళకు పేరు పెట్టుకునే అలవాటు లేదు, వాళ్ళది సామూహిక కళ అని కొందరు పెద్దలు రాస్తారు. సగం నిజమే. మిగతా సగం ఏమిటంటే, కొన్నవాళ్ళు అడగలేదు.

2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు, అదే జీఐ, వచ్చింది. మంచిదే. వేరే చోట చేసి ఆదిలాబాద్ పేరు తగిలించి అమ్మకుండా అది అడ్డుపడుతుంది. ఆ గుర్తింపు ప్రాంతానికి, పనికి వచ్చినదని యువకులు గుర్తుంచుకోవాలి. చేసిన మనిషి పేరు రాసే పని జీఐ కాగితం చేయదు, మనమే చేయాలి.

పేరు బయటికి వస్తే ఏమవుతుందో చెప్పడానికి మన రక్తసంబంధం ఉన్న ఒక కథ ఉంది. మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ అనే ఊరి పర్ధాన్ కుర్రవాడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్. మా వైపు పర్ధాన్‌లు కిక్రీ వాయిస్తూ పేన్‌ల కథలు పాడినట్టే, ఆ వైపు పర్ధాన్‌లు బానా వాయిస్తూ పాడతారు. భోపాల్‌లో 1982లో భారత్ భవన్ తెరిచారు. చిత్రకారుడు జె. స్వామినాథన్ అక్కడి కళా విభాగం చూసేవారు. ఆయన పంపిన బృందం పాటన్‌గఢ్ గోడల మీద జన్‌గఢ్ వేసిన బొమ్మలు చూసి ఆయన్ని భోపాల్ తీసుకొచ్చింది. పాటలో ఉన్న దేవతలు రంగుల్లోకి వచ్చారు. 1989లో ప్యారిస్‌లో జరిగిన పెద్ద ప్రదర్శనలో ఆయన బొమ్మలు పెట్టారు. ఆయన శైలికి 'జన్‌గఢ్ కలం' అనే పేరే నిలిచింది. తెగ పేరు కాదు, మనిషి పేరు! ఆయన బంధువులు, ఊరివాళ్ళు ఎందరో ఈనాడు ఆ బొమ్మలతో బతుకుతున్నారు.

కానీ అదే కథలో ఇంకో పుట ఉంది. 2001లో జపాన్‌లోని మిథిలా మ్యూజియంలో ఉండి బొమ్మలు వేస్తున్న జన్‌గఢ్ అక్కడే ప్రాణం తీసుకున్నారు. పేరు ఉంది, ప్రపంచమంతా గుర్తింపు ఉంది. అయినా ఇంటికి ఎన్నో వేల మైళ్ళ దూరంలో ఒక మ్యూజియంలో ఒంటరిగా పోయారు. బొమ్మలు వేసే మన పిల్లలు ఇకముందు పిలుపు వస్తే వెళ్ళాలి. వెళ్ళేముందు ఎన్ని రోజులు, తిరుగు టికెట్ ఎవరి చేతిలో, బొమ్మలు ఎవరివి అనే మూడు సంగతులు కాగితం మీద రాయించుకోవాలి.

సేకరణ అనే మాట వినడానికి మెత్తగా ఉంటుంది. నాగా కొండల్లో ఇంగ్లీషు అధికారులు సేకరించినవాటిలో మనుషుల పుర్రెలు కూడా ఉన్నాయి. ఆక్స్‌ఫర్డ్‌లోని పిట్ రివర్స్ మ్యూజియం 2020లో మానవ అవశేషాలను ప్రదర్శన నుంచి తీసేసింది. వాటిని తిరిగి తెచ్చుకునే విషయం మీద నాగాలు తమ ఊళ్ళలో మాట్లాడుకుంటున్నారు. 2024 అక్టోబరులో ఇంగ్లండ్‌లో ఒక వేలం సంస్థ కొమ్ములు కట్టిన నాగా పుర్రెను అమ్మకానికి పెట్టింది. నాగాలాండ్ నుంచి నిరసన లేచాక వెనక్కి తీసుకుంది. అది ఎవరి తాతదో చీటీ మీద లేదు. ఉంటే అమ్మకానికి పెట్టే ధైర్యం వచ్చేదా అని మేము ఆలోచిస్తూ ఉంటాం.

ఇంకో రకం బొమ్మలున్నాయి. ప్రకృతి ఫోటోలు. కవ్వాల్ అడవి పులి, కుంటాల జలపాతం, పొగమంచులో టేకు చెట్లు. పర్యాటక భవనాల గోడల మీద, క్యాలెండర్ల మీద చూస్తుంటాం. బాగా తీసినవే, మాకూ ఇష్టమే. కానీ వాటిలో మనిషి కనిపించడు. ఇప్ప పువ్వు ఏరే ఆడవాళ్ళు లేరు, ఆవుల మందలు లేవు, గూడెం లేదు. థర్స్టన్ కాలంలో అడవి లేకుండా మనిషిని మాత్రమే ఫోటో తీశారు. ఇప్పుడు మనిషి లేకుండా అడవిని మాత్రమే తీస్తున్నారు. కవ్వాల్‌ను 2012లో పులుల అభయారణ్యం చేశారు. కోర్ భాగమే సుమారు 893 చదరపు కిలోమీటర్లు. కడెం మండలంలోని రాంపూర్, మైసంపేట గూడేలను అక్కడి నుంచి బయటికి తరలించారు. ఖాళీ అడవి బొమ్మను గోడ మీద పదేళ్ళు చూసినవాళ్ళకు, అక్కడ ఊళ్ళు ఉన్నాయంటే కొత్తగా అనిపిస్తుంది. ఎవరో పొరపాటున అడవిలోకి వచ్చి కూర్చున్నట్టు అనిపిస్తుంది.

ఒక మ్యూజియంలో, పేరు అనవసరం, నెమలి ఫోటో ఒక గదిలో ప్రకృతి అనే బోర్డు కింద ఉంది. గుస్సాడీ నెమలి ఈకల టోపీ ఇంకో గదిలో గిరిజన సంస్కృతి అనే బోర్డు కింద ఉంది. మధ్యలో గోడ. మా బడి పిల్లల్లో ఒకడు "సార్, ఇదీ అదే నెమలి కదా" అన్నాడు. వాడికి ఇంట్లో తెలుసు, ఆ టోపీ కట్టడానికి ఎన్ని ఏళ్ళు ఈకలు ఏరి దాచాలో. దండారి రోజుల్లో తప్ప దాన్ని తలకు పెట్టరని, దానికి పూజ ఉంటుందని తెలుసు. మార్లవాయికి చెందిన కనకరాజు గారు గుస్సాడీకి 2021లో పద్మశ్రీ అందుకుని, 2024లో మనల్ని విడిచిపోయారు. ఆయన ఫోటో చూసి టోపీ సంగతి అడిగే పిల్లలున్నారు. ఆ టోపీని కట్టినవాళ్ళెవరని అడిగినవాళ్ళను మేము ఇంతవరకు చూడలేదు.

అన్నీ మ్యూజియంలోకి పోవాలని లేదు. నార్నూర్ మండలం గుంజాలలో గోండీ లిపిలో రాసిన పాత ప్రతులు ఇళ్ళలోనే ఉండిపోయాయి. 2006 ప్రాంతంలో ఆచార్య జయధీర్ తిరుమలరావు గారు, మిత్రులు వాటి గురించి బయటి లోకానికి తెలియజేసేసరికి, ఆ లిపి చదవగలిగిన పెద్దలు కొద్దిమందే ఊళ్ళో మిగిలి ఉన్నారు. ప్రతులు ఉన్నాయి, చదివేవాళ్ళూ ఉన్నారు, ఒకే ఊళ్ళో. అందుకే లిపి బతికింది. ఆ పెద్దలే పిల్లలకు నేర్పారు. 2018లో గుంజాల గోండీ లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది. ఇవాళ కంప్యూటర్‌లో ఆ అక్షరాలు రాయవచ్చు. పదేళ్ళు ఆలస్యమై, చదివేవాళ్ళు పోయి, ప్రతులు మాత్రం ఏదో గాజు పెట్టెకు చేరి ఉంటే "పాత గోండీ రాత, ఆదిలాబాద్ జిల్లా" అని చీటీ ఉండేది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక పని చెప్పి ఆపుతాం. మా బడిలో ఒక పెద్ద నోటు పుస్తకం పెట్టాం. ఒక్కో పుట ఒక్కో వస్తువుకు. ఇంట్లో ఉన్నది ఏదైనా సరే, పిల్లలు బొమ్మ గీసి తెస్తారు. గడులు ఇవి: మన భాషలో దాని పేరు, తెలుగులో దాని పేరు, దేనితో చేశారు, ఎప్పుడు బయటికి తీస్తారు, ఎవరు ముట్టకూడదు, ఎవరు చేశారు. దేవుడి వస్తువులైతే బొమ్మ గీయవద్దని, పెద్దల్ని అడిగి పేరు మాత్రం రాయమని చెప్పాం. ఎవరికీ చూపకూడనివి ఉంటాయి, వాటిని అలాగే ఉండనివ్వాలి. ఇప్పటికి కిక్రీ, గంట, సొరకాయ బుర్ర, విల్లు, వెదురు బుట్టలు నాలుగు రకాలు, ధాన్యం పోసుకునే గుమ్మి ఎక్కాయి. "ఎవరు చేశారు" అనే గడిలో చాలా పుటల్లో "అడగాలి" అని పెన్సిల్‌తో రాసి ఉంది. దండారికి ఊళ్ళకు చుట్టాలొస్తారు. ఆ సెలవుల్లో అడిగి రమ్మని పుస్తకాన్ని వంతులవారీగా పిల్లలకు ఇచ్చి పంపుతున్నాం.